ఓడల కంపెనీ నుంచి మందుల కంపెనీ దాకా: పుదుచ్చేరి తీరాన వాటాల చరిత్ర

పుదుచ్చేరి పట్టణంలో ఫ్రెంచివారు కట్టుకున్న తెల్లవారి పేటకు ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల వాడ కురుచికుప్పం. కుప్పం అంటే గుడిసెల గుంపు, చిన్న పల్లె అని అర్థం కనుక, చిత్తూరు జిల్లా కుప్పాన్ని ఎరిగిన తెలుగు పాఠకులకు ఆ పేరులోని రెండో సగం కొత్తది కాదు. ఈ వాడకూ, పెద్ద మందుల కంపెనీల షేర్లలో డబ్బు పెట్టడమా మానడమా అని హైదరాబాదులోనో విజయవాడలోనో లెక్కలు వేసుకునే మదుపరికీ పొత్తు ఎక్కడిదన్న సందేహం సహజమే. ఆ పొత్తు రెండు చోట్ల కనిపిస్తుంది. పారిస్ నగరాన్ని ఒక ఏడాది పాటు పిచ్చెక్కించిన షేర్ల వెనుక ఉన్న కంపెనీ ఓడలు లంగరు వేసింది ఈ తీరానికి ఎదురుగానే. ఆ తరువాత రెండున్నర శతాబ్దాలకు, తెలుగువారు స్థాపించిన మందుల కంపెనీలలో అతి పెద్దవాటిలో ఒకటి తన మొదటి సరుకును తయారుచేసింది ఈ పుదుచ్చేరిలోనే. రెండు కథల్లోనూ మదుపరి ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: వాటా విలువ సరుకు మీద నిలబడి ఉందా, లేక ఆ సరుకు అమ్ముకోవడానికి ఎక్కడో దూరాన ఉన్న అధికారం ఇచ్చిన అనుమతి మీద నిలబడి ఉందా? మందుల షేర్ల చరిత్రను చదివేకొద్దీ రెండో జవాబుకే బలం పెరుగుతుంది.

వాటా అంటే ఒక వ్యాపారపు పెట్టుబడిని సమాన భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క కాగితంగా మార్చి, ఆ కాగితం చేతులు మారేందుకు వీలు కల్పించడం. పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ 1664లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీని నెలకొల్పగా, 1674లో ఫ్రాన్స్వా మార్తెన్ పుదుచ్చేరిలో దానికి స్థావరం ఏర్పరచాడు. 1719లో జాన్ లా అనే స్కాట్లండు దేశస్థుడు ఫ్రాన్సు విదేశీ వర్తక సంఘాలన్నింటినీ ఒకే ఇండీస్ కంపెనీగా కలిపి దాని వాటాలను జనంలోకి వదిలినప్పుడు, 500 లీవ్రల దగ్గర ఉన్న వాటా ఏడాది తిరగకముందే 10,000 లీవ్రల దాకా ఎగబాకి, 1720 ముగిసేలోగా కుప్పకూలింది.

పారిస్ వీధుల్లో ఆ కాగితం ఎగిరి పడిన ఏళ్లలో పుదుచ్చేరి తీరంలో జరిగిన పని మాత్రం ఎప్పటిలాగే సాగింది. అప్పట్లో ఇక్కడ ఓడలు ఒడ్డుకు వచ్చే రేవు లేదు. అవి దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, మేకు ఒక్కటి లేకుండా పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి చేసిన చెలింగ పడవల్లో, తీరపు కుప్పాల మనుషులు బట్టల మూటలు వేసుకుని విరుచుకుపడే అలల వరుసలు దాటేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసుకకు తగిలితే పగిలిపోతుంది; కుట్టిన పడవ అల దెబ్బకు వంగి, మళ్లీ సర్దుకుంటుంది. కంపెనీ లాభమంతా ఆ కొద్ది గజాల నురుగు మీదుగానే పోవాలి. అయినా జాన్ లా పతనం తరువాత, 1723 నుంచి, పారిస్‌లోని వాటాదారుకు ఏటా అందిన డివిడెండుకు, అంటే లాభంలో అతని పాలికి, ఆ తెడ్ల కష్టం కంటే గట్టి ఆధారం మరొకటి ఉంది: ఫ్రాన్సులో పొగాకు అమ్ముకునే గుత్తహక్కును రాజు ఆ కంపెనీకి కట్టబెట్టాడు. వాటాదారు తాను తూర్పు దేశాల వర్తకంలో భాగస్థుణ్ణని అనుకున్నాడు; అతణ్ణి పోషించింది రాజు సంతకం. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకుని నేలమట్టం చేశారు. 1769లో మోర్లే అనే పండితుడు తూర్పు దేశాల వర్తకం మీద కంపెనీకి ఉన్న గుత్తహక్కును ఖండిస్తూ రాయగా, బ్యాంకరు నెకేర్ దానిని సమర్థిస్తూ వాదించగా, చివరికి రాజు ఆ హక్కును రద్దుచేశాడు. హక్కు పోయాక కంపెనీ వర్తక సంస్థగా నిలవలేదు.

ఆ కాలపు పుదుచ్చేరిలో తెలుగు మాటకు ఉన్న గౌరవాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. దుబాసీ, అంటే ఫ్రెంచివారికీ ఇక్కడి వర్తకులకూ మధ్య మాటా బేరమూ నడిపే పెద్ద, ఆనందరంగ పిళ్లె. 1736 నుంచి 1761 దాకా ఆయన రాసుకున్న దినచర్య ఆనాటి వర్తకానికీ రాజకీయానికీ అమూల్యమైన సాక్ష్యం. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమైన ‘ఆనందరంగరాట్ఛందము’ను ఆయనకే అంకితమిచ్చాడు. గోదావరి ఒడ్డున ఉన్న యానాం నేటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే కనుక, తెలుగుకూ ఈ పరిపాలనకూ బంధం ఎప్పుడూ తెగలేదు.

1910 ఏప్రిల్‌లో అరవిందులు బ్రిటిషు ఏలుబడికి దూరంగా పుదుచ్చేరి చేరుకున్నారు. 1926లో ఆశ్రమం ఏర్పడింది. కురుచికుప్పం నుంచి ఆ ఆశ్రమానికి కాలినడకన పోవచ్చు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కట్టమంచి రామలింగారెడ్డి పేరిట నెలకొల్పిన జాతీయ బహుమతిని 1948 డిసెంబరులో అరవిందులకు సమర్పించింది. 1954 నవంబరు 1న పరిపాలన, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా సార్వభౌమాధికారం భారతదేశానికి దక్కాక, చిన్న కేంద్రపాలిత ప్రాంతమైన పుదుచ్చేరి పన్ను రాయితీలు చూపి పరిశ్రమలను పిలవసాగింది. 1986లో పి.వి. రాంప్రసాద్ రెడ్డి, కె. నిత్యానందరెడ్డి మరికొందరితో కలిసి స్థాపించిన అరబిందో ఫార్మా 1988–89లో ఇక్కడే ఒకే ఒక్క యూనిట్‌తో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ యూనిట్ సరుకు సెమీ సింథటిక్ పెన్సిలిన్. దాదాపు అదే సమయంలో, 1989 నాటికి, పట్టణానికి దక్షిణాన కొత్త రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. దక్షిణం నుంచి ఉత్తరానికి కెరటాలతో పాటు నడిచే ఇసుకకు ఆ గోడలు అడ్డుపడగా, పట్టణం ముందరి ఇసుకతీరం కరిగిపోయింది. వలలు ఆరబెట్టుకునే ఇసుక ఉండవలసిన చోట ఇప్పుడు ఉత్తరపు కుప్పాల ముందు నల్లరాళ్ల కట్ట కనిపిస్తుంది. ఒక నిర్మాణపు ఖర్చు దానిని కట్టినవారి లెక్కల పుస్తకంలో కాకుండా పక్కవారి ఇంటి ముందు ఎలా తేలుతుందో ఆ రాళ్లు చెబుతాయి. మందుల తయారీ కథలోనూ ఈ సంగతి మళ్లీ ఎదురవుతుంది.

సెమీ సింథటిక్ పెన్సిలిన్ ఎలాంటి సరుకో తెలుసుకోకుండా దాన్ని చేసే కంపెనీ షేరు విలువ అర్థం కాదు. పెన్సిలిన్ ఒక బూజు నుంచి పుడుతుంది. ఇంటి ఎత్తు ఉక్కు ట్యాంకులో, దీనినే ఫెర్మెంటర్ అంటారు, చక్కెర, మొక్కజొన్న నానబెట్టిన నీటి నుంచి తీసిన చిక్కటి రసం వేసి, శుద్ధిచేసిన గాలి ఊదుతూ రోజుల తరబడి ఆ బూజును పెంచితే, అది స్రవించే పదార్థాన్ని వడగట్టి తీసిందే పెన్సిలిన్–జి. దానిలోని ఒక పక్కగొలుసును తెంచివేస్తే 6–ఏపీఏ అనే మూలపదార్థం మిగులుతుంది. 1957లో ఇంగ్లండులోని బీచమ్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని విడదీయడంతో పెద్ద దారి తెరుచుకుంది. తెగిన చోట మరో గొలుసు అతికిస్తే ఆంపిసిలిన్, ఇంకొకటి అతికిస్తే అమాక్సిసిలిన్. సగం ప్రకృతి చేసింది, సగం రసాయనశాల చేసింది కనుక సెమీ సింథటిక్ అన్నారు. క్యాప్సూల్ విప్పితే రాలే ఆ తెల్లని పొడి, ముక్కుకు తగిలే గంధకపు వాసన ఊళ్లలో డాక్టరు దగ్గరకు వెళ్లిన ఇంటింటికీ తెలుసు. పెన్సిలిన్ పడనివారికి దాని రేణువు సోకినా ప్రమాదం కావచ్చు కనుక, దానిని తయారుచేసే భవనాన్నీ గాలి మార్గాలనూ వేరే మందులతో కలవకుండా ప్రత్యేకంగా కట్టుకోవాలి; ఒకసారి కట్టాక ఆ పెట్టుబడిని మరో మందుకు మళ్లించడం తేలిక కాదు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి. గొలుసు అతికించేవాడు మధ్యలో ఉన్నవాడు. వెనుక పెన్సిలిన్–జి ధర, ముందు ఆంపిసిలిన్ ధర, ఆ రెంటి నడుమ సందులోనే అతని లాభం ఉంటుంది, ఆ రెండు ధరలూ అతని చేతిలో ఉండవు. ఈ వర్తకంలో బల్క్ డ్రగ్ అని పిలిచే ముడి మందుకూ, ఫార్ములేషన్ అని పిలిచే మాత్ర, క్యాప్సూల్, సూదిమందుకూ ఉన్న తేడా ఇదే: ముడి మందు కిలోల్లో అమ్ముడై ధరతో పోటీపడుతుంది, తయారైన మందు పేరుతోనూ నమ్మకంతోనూ అమ్ముడవుతుంది.

ఇలాంటి కంపెనీ ఒకటి తెలుగువారి చేతిలో పుట్టడానికి నేల సిద్ధం చేసింది ఒక చట్టం. 1911 నాటి పేటెంటు చట్టం ప్రకారం మందు మీదనే గుత్తహక్కు ఉండేది కనుక, దానిని మరో పద్ధతిలో చేసినా నేరమే. న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా తయారై, 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చిన 1970 పేటెంట్ల చట్టం, మందుల విషయంలో తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు మిగిల్చి, దాని గడువును కూడా ఏడేళ్లకు మించకుండా కుదించింది. అదే అణువును వేరే దారిలో చేరుకోగల రసాయనవేత్తకు ఇక అడ్డులేదు. ఆ దారులు తెలిసినవారిని తయారుచేసింది ప్రభుత్వ రంగం. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్, సోవియట్ సహాయంతో హైదరాబాదు బాలానగర్‌లో నెలకొల్పిన సింథటిక్ డ్రగ్స్ ప్లాంటులో కెమిస్టులు, ఇంజనీర్లు రియాక్టర్ల దగ్గర నిలబడి పని నేర్చుకున్నారు. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట 1939లో పుట్టిన కల్లం అంజిరెడ్డి 1969 నుంచి 1975 దాకా అక్కడ పనిచేసి, యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే రెండు కంపెనీల అనుభవం తరువాత, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబరేటరీస్ స్థాపించారు. ఆ బాలానగర్ ప్లాంటు ఒక పాఠశాల. దాని విద్యార్థులు పరిశ్రమలు పెట్టారు, పాఠశాల మాత్రం నష్టాల్లో మునిగి మూతబడింది. అప్పుడు ఐడీపీఎల్ మీద పెట్టిన ప్రజాధనం వృథా అయిందని అనేవారు హైదరాబాదు మందుల పరిశ్రమ విలువను ఎదుట పెట్టుకుని ఆ మాట అనాలి.

ఆ రోజుల్లో షేరు కొనడం కూడా అనుమతుల వ్యవహారమే. 1947 చట్టం కింద ఏ కంపెనీ ఎంత ధరకు వాటాలు అమ్మాలో ఢిల్లీలోని మూలధన జారీ నియంత్రకుడు నిర్ణయించేవాడు. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం వల్ల విదేశీ కంపెనీలు తమ వాటాను తగ్గించుకుని భారతీయులకు అమ్మవలసి వచ్చినప్పుడు, నియంత్రకుడు పెట్టిన తక్కువ ధరకు ఆ కాగితాలు దక్కిన మధ్యతరగతి వారికి మందుల షేరు అంటే నమ్మకమైన సొత్తు అన్న అభిప్రాయం బలపడింది. ఆ నమ్మకంలో ఎంత భాగం మందులది, ఎంత భాగం ప్రభుత్వం కట్టిన చవక ధరది అని విడదీసి చూసినవారు తక్కువ. 1992లో ఆ నియంత్రణ పోయింది. అదే ఏడాది పబ్లిక్ కంపెనీగా మారిన అరబిందో ఫార్మా 1995లో స్టాక్ ఎక్స్చేంజీలలో చేరింది. డాక్టర్ రెడ్డీస్ అంతకు ముందే, 1986లో, వాటాలను ప్రజలకు అమ్మింది. అప్పటి షేరు సర్టిఫికెట్ మందపాటి కాగితం: పైన కంపెనీ పేరు, కింద ఫోలియో నంబరు, వాటాల వరుస సంఖ్యలు, డైరెక్టర్ల సంతకాలు, వెనుక పేర్లు మారిన తేదీల పట్టిక. అమ్మాలంటే బదిలీ పత్రం నింపి, స్టాంపులు అంటించి, సంతకం పాత సంతకంతో పోలక తిరిగి వస్తే మళ్లీ పంపాలి. 1996 డిపాజిటరీల చట్టంతో ఆ కాగితం కంప్యూటరులో అంకెగా మారింది. కాగితం పోయాక అమ్మడం సులువైంది, సులువయ్యాక చాలామందికి ఓపిక తగ్గింది.

1984 మరో కారణం వల్ల కూడా ఈ చరిత్రలో ముఖ్యమైన ఏడాది. ఆ సంవత్సరమే అమెరికాలో వచ్చిన హాచ్–వాక్స్‌మన్ చట్టం, పేటెంటు తీరిన మందును ఇతర కంపెనీలు మళ్లీ పెద్ద పరీక్షలు చేయకుండా, అసలు మందుతో సమానంగా పనిచేస్తుందని రుజువు చేసి అమ్ముకునే వీలు కల్పించింది. అలాంటి మందునే జెనరిక్ అంటారు. పేటెంటు చెల్లదని మొదట సవాలు చేసిన కంపెనీకి 180 రోజుల పాటు పోటీ నుంచి రక్షణ కూడా ఆ చట్టమే ఇచ్చింది. 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్ ప్రోజాక్ అనే మానసిక రోగాల మందుకు 40 మిల్లీగ్రాముల జెనరిక్ క్యాప్సూల్‌తో ఆ 180 రోజుల హక్కు సంపాదించింది; అదే ఏడాది ఏప్రిల్‌లో దాని షేర్లు న్యూయార్కు స్టాక్ ఎక్స్చేంజిలో నమోదయ్యాయి. ఆ ఆరు నెలల్లో వచ్చిన లాభాన్ని ప్రతి ఏడాదీ వచ్చే లాభంగా భావించి షేరు కొన్నవారు, 181వ రోజున పది కంపెనీలు దిగాక ధర ఏమవుతుందో ఆలోచించాలి. షేరు ధరను వాటాకు వచ్చే వార్షిక లాభంతో భాగించగా వచ్చే అంకెను పీఈ నిష్పత్తి అంటారు. తాత్కాలిక హక్కు లాభాన్ని ఉబ్బించిన ఏడాది ఆ అంకె చిన్నదై షేరు చవకగా కనిపిస్తుంది, నిజానికి అప్పుడే అది ప్రియం కావచ్చు.

విదేశపు చట్టం మారితే ఏమవుతుందో 2006లో డాక్టర్ రెడ్డీస్ 48 కోట్ల యూరోలకు కొన్న జర్మనీ సంస్థ బీటాఫార్మ్ చూపించింది. అక్కడ డాక్టర్లలో ఆ సంస్థకు మంచి పేరుండేది; జర్మనీ ఆరోగ్య బీమా నిధులు టెండర్లు పిలిచి అతి తక్కువ ధర చెప్పినవారికే సరఫరా ఇచ్చే పద్ధతికి మళ్లడంతో, ఆ పేరుకు విలువ లేకుండా పోయింది. కొన్న ధరలో పెద్ద భాగాన్ని డాక్టర్ రెడ్డీస్ తన పుస్తకాల్లో నష్టంగా రాసుకోవలసి వచ్చింది. మందు మారలేదు, రోగి మారలేదు, కొనే పద్ధతి మారింది. 1723లో పొగాకు హక్కుతో నిలిచి, 1769లో వర్తకపు గుత్తహక్కు పోయి కూలిన కంపెనీ వాటాకూ ఈ సంగతికీ ఉన్న పోలిక పైపైది కాదు.

హైదరాబాదు, విశాఖ మందుల ప్లాంట్లలో అందరి నోటా వినిపించే మాట ఎఫ్‌డీఏ ఆడిట్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అధికారులు వచ్చి రికార్డులు, నీటి పైపులు, బ్యాచ్ పుస్తకాలు తిరగేసి, లోపాలుంటే వెళ్లేరోజు చేతికిచ్చే జాబితాను దాని ఫారం నంబరుతో 483 అంటారు. జవాబు తృప్తిగా లేకపోతే హెచ్చరిక లేఖ వస్తుంది. అదీ దాటితే ఇంపోర్ట్ అలర్ట్, అంటే ఆ ప్లాంటు సరుకును విప్పి చూడకుండానే అమెరికా రేవులో ఆపివేయడం. అరబిందో ఫార్మా ఆరో యూనిట్ 2011 ఫిబ్రవరిలో ఈ అలర్టు కిందికి వచ్చి 2013లో బయటపడింది. 2015 నవంబరులో శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ ప్లాంట్లకు హెచ్చరిక లేఖ అందిందన్న వార్తతో డాక్టర్ రెడ్డీస్ షేరు ఒక్కరోజులోనే పదిహేను శాతం దాకా పడిపోయింది. 2017 మార్చిలో దివీస్ లేబరేటరీస్ విశాఖ యూనిట్‌కు అలర్టు వచ్చింది, ఆ ఏడాది ముగిసేలోగా తొలగిపోయింది. భయపడి అమ్మినవారు నష్టపోగా, ఆ లోపాలు ఎలాంటివో ఓపికగా చదివి నిలబడినవారికి మేలు జరిగింది. ర్యాన్‌బాక్సీ కంపెనీ విషయంలో మాత్రం లోపం కాగితాల కల్పన దాకా పోయింది. 2008లో జపాను సంస్థ దైచీ శాంక్యో షేరుకు 737 రూపాయల ధరకు దానిని కొనడానికి ఒప్పందం చేసుకున్న కొద్ది నెలలకే అలర్టులు వచ్చాయి, 2013లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించే ఒప్పందం జరిగింది. కాబట్టి 483 అన్న మాట వినగానే భయపడడం కంటే, ఆ జాబితాలో గోడకు పడిన తేమ ఉందా, చెరిపేసిన ఫలితం ఉందా అని చూడడమే మదుపరి చేయవలసిన పని. తేమను బాగుచేసుకోవచ్చు, అబద్ధం రాసే అలవాటును బాగుచేయడానికి ఏళ్లు పడుతుంది.

నికర లాభం పట్టికలో కనిపించని ఖర్చు ఒకటి ఉంది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో ముడి మందుల ప్లాంట్లు వదిలిన నీరు నక్కవాగులో కలిసి పొలాలను పాడుచేసిందని 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. రైతులకు పరిహారాలు ఇప్పించారు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడను శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది మనిషి రక్తంలో చికిత్సకు చాలే మోతాదును మించిన సాంద్రత. మందు తయారుచేసే చోటే మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే పరిస్థితిని ఈ పరిశ్రమ తెచ్చుకోవడం బాధాకరం. కురుచికుప్పం ముందరి రాళ్లలాగే, ఈ ఖర్చు కూడా ఆ నీళ్లు తాగినవారి మీద పడింది. డివిడెండు తీసుకునే వాటాదారుకు ఆ వాగుతో సంబంధం లేదనడం న్యాయం కాదు.

మరోవైపు, ఇదే పరిశ్రమ ప్రపంచానికి చేసిన మేలు సామాన్యమైనది కాదు. 2001లో ఎయిడ్స్ మందుల ఖర్చు ఏడాదికి మనిషికి పదివేల డాలర్లకు పైగా ఉన్న కాలంలో ముంబయి కంపెనీ సిప్లా దానిని 350 డాలర్లకు ఇస్తానంది. ఆ తరువాత అమెరికా సహాయ పథకం కింద ఆఫ్రికాకు వెళ్లిన మందుల్లో అరబిందో వంటి తెలుగువారి కంపెనీల సరుకు పెద్ద ఎత్తున చేరింది. 2005 నుంచి భారతదేశంలో మళ్లీ మందు మీదనే పేటెంటు వచ్చినా, ఆ చట్టంలో ఉంచిన నిబంధన ఆధారంగా 2012 మార్చిలో హైదరాబాదు నాట్కో ఫార్మాకు కాలేయ, మూత్రపిండ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ తయారీకి నిర్బంధ లైసెన్సు దొరికింది. పేటెంటుదారు నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్ముతున్న మందు నాట్కో 8,800 రూపాయలకు ఇవ్వాలని అధికారి ఆదేశించాడు. ఇక్కడ అనుమతి పత్రం ఒకరి లాభాన్ని తగ్గించి రోగులకు ఊపిరి పోసింది. షేరు విలువ కట్టే పుస్తకాల్లో ఈ లెక్కకు గడి లేదు, ఉండవలసింది.

ఈ చరిత్ర తెలిసినవారికి, మందుల షేర్లు ఎప్పుడూ కాపాడతాయన్న మాట సగం నిజంగానే కనిపిస్తుంది. జబ్బు ఆర్థిక మాంద్యం చూసుకుని ఆగదు కాబట్టి ఆ షేర్లను డిఫెన్సివ్, అంటే గడ్డుకాలంలో నిలబడేవి, అంటారు. అయినా 2015 నుంచి 2019 దాకా అమెరికాలో జెనరిక్ ధరలు పడిపోవడం, ప్లాంట్ల మీద హెచ్చరికలు రావడం కలిసివచ్చి, మిగతా మార్కెట్టు పెరుగుతున్నా మందుల సూచీ వెనకబడే ఉండిపోయింది; 2020 మహమ్మారి వచ్చాకే అది మళ్లీ లేచింది. పెద్ద కంపెనీ అయితే భద్రమన్న మాట కూడా అలాంటిదే. అమెరికాలో మెర్క్ కంపెనీ 2004 సెప్టెంబరు 30న వయాక్స్ అనే నొప్పిమందును వెనక్కి తీసుకున్న రోజున దాని షేరు నాలుగో వంతుకు పైగా పడిపోయింది. కొన్నిసార్లు వాటాదారు చేతిలో ఏమీ లేకుండానే కంపెనీ చేతులు మారుతుంది. హైదరాబాదు మాట్రిక్స్ లేబరేటరీస్‌ను 2006లో అమెరికా సంస్థ మైలాన్ షేరుకు 306 రూపాయల ధరకు తీసుకోవడానికి ఒప్పందం చేసుకుంది, తరువాత ఆ షేరు మార్కెట్టులోనే లేకుండా పోయింది. కురుచికుప్పానికి ఉత్తరాన అదే తీరం మీద కాలాపేట దగ్గర ఐబుప్రొఫెన్ చేసే ప్లాంటు పెట్టిన షాసన్, 2015లో స్ట్రైడ్స్‌లో విలీనమై, 2018లో ముడి మందుల భాగం సోలారా పేరుతో వేరుపడింది. నొప్పిమందు అదే, ప్లాంటు అదే, వాటాదారు దగ్గర ఉన్న షేరు పేరు మాత్రం రెండుసార్లు మారింది. వాటా నిష్పత్తిని కాగితం మీద లెక్కచూసుకోకుండా ఇలాంటి విలీనాలకు తలూపడం పాత వాటాదారులు చేసిన తప్పులన్నింటిలో తరచుగా కనిపించేది.

పెన్సిలిన్ కథ మాత్రం ఇంకా సాగుతోంది. చైనా ఫెర్మెంటర్ల నుంచి వచ్చిన చవక సరుకు ముందు నిలబడలేక భారతదేశంలో పెన్సిలిన్–జి తయారీ ఆగిపోయింది, గొలుసు అతికించేవారందరూ ఒకే దేశం వైపు చూడవలసి వచ్చింది. ఆ ఆధారపడడం ఎంత ప్రమాదమో గుర్తించిన కేంద్ర ప్రభుత్వం 2020లో ముడి మందుల తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. దాని కింద అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ ఫార్మా, యానాం పొరుగునున్న కాకినాడ తీరంలో ఏడాదికి 15,000 టన్నుల పెన్సిలిన్–జి సామర్థ్యంతో ప్లాంటు కట్టి 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మూడున్నర దశాబ్దాల కింద పుదుచ్చేరిలో గొలుసు అతికించే మధ్య మజిలీలో మొదలైన కంపెనీ ఇప్పుడు బూజు పెంచే మొదటి మజిలీకి చేరింది. ఆ ఉక్కు ట్యాంకులు ఏడాది పొడవునా నిండుగా తిరుగుతాయా అన్నది కాకినాడలో పనిచేసే కెమిస్టు నేర్పు ఒక్కదానితో తేలేది కాదు. చైనా అడిగే ధర, ఢిల్లీ ఇచ్చే ప్రోత్సాహకం ఆగే తేదీ, దిగుమతి సుంకం మీద రాబోయే ఉత్తర్వు, ఈ మూడూ కలిసి దానిని నిర్ణయిస్తాయి.